ఒకే ఇంట్లో ఇద్దరు సికిల్ పిల్లలు, రెండు రకాల రక్తం: ఒక కేస్ స్టడీ

అక్కకి 17, తమ్ముడికి 13, వాళ్ల కింద ఐదేళ్ల గుంట ఒకర్తి. ఊరు పాడేరు దాటాక ఇంకా లోపలికి, పేరు రాయను, ఫ్యామిలీని గుర్తుపట్టకుండా ఒకట్రెండు వివరాలు మార్చాను కూడా. తండ్రి మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లకి తాపీ పనికి వస్తాడు, తల్లి ఊళ్లోనే, కాఫీ పళ్లు కోసే సీజన్లో కూలికి పోతుంది. నేను పాథాలజిస్ట్‌ని, విశాఖలో ఒక ల్యాబ్‌లో హీమోగ్లోబిన్ జబ్బుల శాంపిల్స్ అన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి, మామూలుగా నాకు ట్యూబులూ గ్రాఫులే తప్ప మనుషులు కనపడరు, ఈ ఫ్యామిలీ మాత్రం రెండేళ్లుగా ఏదో ఒక ట్యూబుతో వస్తూనే ఉంది, ఇప్పుడు పిల్లలు నన్ను చూసి నవ్వేదాకా వచ్చింది. మ్యుటేషన్, రీకాంబినేషన్, ఎవల్యూషన్ అని క్లాసులో మొదలెడితే కునుకు తీసే మా పీజీలకి ఈ ఒక్క ఇంటి రిపోర్టులు ముందేసి కూర్చోబెడితే చాలనిపించింది, అందుకే మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ముందు తమ్ముడు. వాడికి నాలుగైదేళ్లప్పట్నుంచి కాళ్లూ చేతులూ లాగడం, కళ్లు పచ్చబడటం, కడుపులో బల్ల. ఊళ్లో దిసారి, అంటే నాటు వైద్యం చేసే ఆయన, చూశాడు, తర్వాత కింద ఒక చోట కీళ్ల వాతం అని ఇంజెక్షన్లు పొడిచారు, ఇంకో చోట రక్తం తక్కువ అని ఆర్నెల్లు ఐరన్ టానిక్ తాగించారు. రక్తం తక్కువన్న మాట నిజమే కానీ ఐరన్ చాలక కాదు, తయారైన కణాలే నిలవట్లేదు. మామూలు ఎర్రకణం 120 రోజులు తిరుగుతుంది, సికిల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్నవాడి కణం పది నుంచి ఇరవై రోజులు, అడుగున చిల్లున్న బిందెలో నీళ్లు పోస్తున్నట్టు మూలుగ ఎంత చాకిరీ చేసినా చాలదు.

మా దగ్గరికి రాకముందే వేరే ఎక్కడో హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో ఏ రకం హీమోగ్లోబిన్ ఎంతుందో గ్రాఫు గీసే టెస్టు) కూడా అయింది వాడికి, అందులో క్యారియర్ అని, అంటే సికిల్ జీన్ ఒక పక్క నుంచే వచ్చింది, జబ్బు లేదు అని వచ్చింది, క్యారియరే కదా ఏం భయం లేదని పంపేశారు. తండ్రి ఆ కాగితాన్ని మడతలు చిరిగిపోతున్నా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాడు. నేను దాని మీద తేదీ చూసి, ఆ టైంలో రక్తం ఏమైనా ఎక్కించారా అని అడిగా. "ఎక్కించారు కదమ్మా, దానికి పది రోజుల ముందే, రెండు ప్యాకెట్లు" అన్నాడు. అంతే. గ్రాఫులో కనిపించిన మామూలు హీమోగ్లోబిన్ వాడిది కాదు, ఎవరో దాతది. రక్తం ఎక్కించాక కనీసం మూడు నెలలు ఆగాలి, ఆగే టైం లేకపోతే అమ్మానాన్నల శాంపిల్స్ తీసి చూడాలి, ఈ ఒక్క ప్రశ్న అడగడానికి అర నిమిషం కూడా పట్టదు, అడగనందుకు ఈ కుర్రాడికి రెండేళ్లు పోయాయి.

మూడున్నర నెలలు ఏమీ ఎక్కించకుండా ఎలాగో నెట్టుకొచ్చాక మా దగ్గర చేసిన లెక్కలు ఇవి: హీమోగ్లోబిన్ 6.9, ఎంసీవీ (కణం సైజు) 86, ఎంసీహెచ్‌సీ (కణంలో హీమోగ్లోబిన్ చిక్కదనం) 34, రెటిక్ (కొత్తగా పుట్టిన కణాలు) 14%. హెచ్‌పీఎల్‌సీలో ఎస్ (సికిల్ రకం హీమోగ్లోబిన్) 79%, ఎఫ్ (కడుపులో బిడ్డప్పటిది) 16%, ఏ2 (అందరిలో కొంచెం ఉండేది) 2.5%, మామూలు ఏ లేనట్టే. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ క్యారియర్ గ్రాఫే. సందేహమే లేదు, వాడికి రెండు పక్కల నుంచీ ఎస్ జీన్ వచ్చింది.

ఆ రోజు తల్లికి మైక్రోస్కోప్‌లో చూపించా. వాడి రక్తం ఒక చుక్క, ఆక్సిజన్‌ని లాగేసే మెటాబైసల్ఫైట్ ఒక చుక్క, పైన కవర్‌స్లిప్, గాలి పోకుండా చుట్టూ నెయిల్ పాలిష్ (మా టెక్నీషియన్ బ్యాగులోంచి తీసిన మెరూన్ రంగుది, ల్యాబ్ స్టాక్‌లో అది ఎప్పుడూ ఉండదు). ఆక్సిజన్ అయిపోయేకొద్దీ గుండ్రంగా ఉన్న కణాలు ఒక్కోటీ సాగి, వంగి, కొసలు తేలతాయి. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. మేం పుస్తకాల్లో కొడవలి కొడవలి అని రాసుకుంటాం కదా, రోజూ కొడవలి పట్టుకునే మనిషి ఆమె, కొడవలి అనలేదు. "ఏటివి డాక్టరమ్మా, కోసీసిన గోళ్ల ముక్కల్లాగున్నాయి" అంది. అప్పట్నుంచి నేను కూడా పీజీలకి గోళ్ల ముక్కలనే చెప్తున్నా.

ఇంత గొడవకీ మూలం డీఎన్ఏలో ఒక్క అక్షరం. 11వ క్రోమోజోమ్ మీద, హీమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారు చేసే బీటా గ్లోబిన్ జీన్‌లో జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ ఉంది. దాంతో ప్రోటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వాలీన్ వచ్చి కూర్చుంది. (కొత్త రిపోర్టుల్లో ఏడో స్థానం అని ఉంటే కంగారు పడకండి, మొదటి మెథియోనీన్‌ని కలిపి లెక్కేస్తారు ఇప్పుడు.) వాలీన్‌కి నీళ్లంటే గిట్టదు, నూనె చుక్కలా పక్క హీమోగ్లోబిన్‌లోని గుంటలోకి దూరి అతుక్కుంటుంది, అలా ఒకదానికొకటి అతుక్కుని తాళ్లలా పేనుకుంటాయి, ఆ తాళ్లే కణాన్ని లోపల్నుంచి పొడిచి వంచేస్తాయి. 1910లో షికాగోలో హెరిక్ అనే డాక్టర్ ఈ వంపు కణాల్ని మొదట వర్ణించాడు, గ్రెనడా నుంచి వచ్చి డెంటల్ చదువుతున్న కుర్రాడి రక్తంలో. జబ్బు ఉన్నది అణువులోనే అని పాలింగ్ బృందం 1949లో తేల్చింది, తేడా ఒకే ఒక్క అమైనో యాసిడ్ అని ఇంగ్రమ్ 1956, 57లో చూపించాడు.

మా దగ్గర దీన్ని జెల్ మీద చూడొచ్చు, డీఎన్ఏ ముక్కలు పొడుగుని బట్టి అందులో బ్యాండ్లుగా విడిపోతాయి. ఆ జీన్ ముక్కని పీసీఆర్‌లో పెంచి డీడీఈ-వన్ అనే ఎంజైమ్‌తో కోస్తాం. మామూలు జీన్‌లో ఆ చోట దానికి కావలసిన అక్షరాల వరస ఉంటుంది, తెగుతుంది. ఏ పోయి టీ వచ్చిన జీన్‌లో ఆ వరస చెడిపోయింది కాబట్టి తెగదు. తమ్ముడి గడిలో పొడుగు బ్యాండ్ ఒక్కటే, అమ్మానాన్నల గడుల్లో పొడుగుదీ తెగినవీ అన్నీ. తండ్రికి ఆ ఫొటో చూపిస్తే ఆయన అడిగింది మాత్రం నాకు ఏ కాన్ఫరెన్స్‌లోనూ ఎదురవలేదు, "ఇది ఎవరి దగ్గర మొదలైనాది?" అని.

ఎవరో ఒకరి దగ్గరే, అదీ అనుకోకుండా. పుట్టే ప్రతి బిడ్డలోనూ అమ్మలోనూ నాన్నలోనూ లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి, మీలో నాలో కూడా, తండ్రి వయసు పెరిగేకొద్దీ ఇంకొన్ని ఎక్కువ. మూడు వందల కోట్ల పైన అక్షరాల్ని కాపీ కొట్టేటప్పుడు జారిపోయిన తప్పులు అవి, చాలామటుకు ఎవరికీ ఏమీ కాని చోట పడతాయి. ఇక్కడ ఒక అపోహ, చదువుకున్నవాళ్లే ఎక్కువ చెప్తారు దీన్ని, ఏజెన్సీలో మలేరియా ఎక్కువ కాబట్టి వాళ్ల శరీరం తట్టుకోడానికి ఈ జీన్‌ని తయారు చేసుకుంది అని. శరీరం దేన్నీ చూసి ఏమీ తయారు చేసుకోదు. బ్యాక్టీరియాతో 1943లో లూరియా, డెల్‌బ్రుక్ చేసిన ప్రయోగం చెప్పింది ఇదే, వైరస్ తగలకముందే కొన్ని కణాల్లో దాన్ని తట్టుకునే మార్పు ఉంది, వైరస్ వచ్చి మిగతావాటిని చంపేసి వాటిని మిగిల్చింది, అంతే. తప్పు ముందు, లాభం తర్వాత, లాభం లేకపోతే ఆ తప్పు చాలామటుకు కొన్ని తరాల్లో కొట్టుకుపోతుంది.

ఈ తప్పు కొట్టుకుపోకపోవడానికి కారణం దోమ. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో పట్టుకున్నాడే ఆ మలేరియా పరాన్నజీవే. ఒక్క ఎస్ జీన్ ఉన్న పిల్లల కణంలోకి ఫాల్సిపారం రకం పరాన్నజీవి దూరితే ఆ కణం త్వరగా వంకర తిరుగుతుంది, ప్లీహం దాన్ని పట్టి నలిపేస్తుంది, లోపల పురుగు కూడా సరిగ్గా పెరగదు. ఒక్క ఎస్ ఉంటే ప్రాణం మీదికొచ్చే మలేరియా నుంచి 90% దాకా రక్షణ ఉంటుంది. దీన్ని తూర్పు ఆఫ్రికాలో లెక్కలు తీసి 1954లో అలిసన్ చెప్పాడు. అంతకుముందే 1949లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త తలసీమియా (హీమోగ్లోబిన్ సరిపడా తయారుకాని ఇంకో రక్తం జబ్బు) విషయంలో ఇదే ఊహ చేశాడు. ఆ హాల్డేనే తర్వాత మన దేశం వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మలేరియాకీ రక్తం జబ్బులకీ ముడి వేసిన మనిషి మనకి రెండు మూడు గంటల దూరంలో ఉన్న కాలేజీకి చేరాడని మా పీజీల్లో సగం మందికి తెలియదు.

ఒక చిన్న లెక్క వేసి చూపిస్తా, నాకు ఇష్టమైన లెక్క. మందులు లేని కాలం అనుకోండి. రెండు ఎస్‌లున్న పిల్లలు అందరూ పెద్దవకుండానే పోతారు. అసలు ఎస్ లేని పిల్లల్లో పదికి ఒకరు మలేరియాకి పోతారు. ఒక్క ఎస్ ఉన్నవాళ్లు బతికిపోతారు. అప్పుడు ఎస్ జీన్ ఎక్కడ ఆగుతుంది? 0.1ని 1.1తో భాగిస్తే 9%. అంటే ఊళ్లో ప్రతి ఆరుగురిలో ఒకరు క్యారియర్, నూట ఇరవై మందికి ఒక బిడ్డ రెండు ఎస్‌లతో. ఆ ఒక్క బిడ్డ బాధ మీద మిగతా ఊరు నిలబడుతోంది, ఇది చెప్పడానికి నాకే బాగోదు కానీ లెక్క అదే. దోమని తీసేస్తే, అంటే ఇదే కుటుంబం మధురవాడలో ఏడో ఫ్లోర్‌లో కాపురం పెడితే, అదే జీన్‌కి లాభం వైపు సున్నా, నష్టం వైపు మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పటిదాకా మ్యుటేషన్ కథ. పుస్తకాల్లో కూడా చాలామటుకు ఇక్కడ ఆపేస్తారు. ఈ ఇంట్లో అసలు కథ అక్కది.

అక్కని ఎవరూ టెస్టుకి తీసుకురాలేదు, వాళ్ల దృష్టిలో ఆమె బాగుంది. కొండెక్కుతుంది, నీళ్లు మోస్తుంది, ఇంటర్ చదువుతుంది, ఎప్పుడూ రక్తం ఎక్కించలేదు. తమ్ముడికి తేలాక ఇంట్లో అందరికీ చేద్దామని నేనే పట్టుబట్టి పిలిపించా. హీమోగ్లోబిన్ 9.8, రెటిక్ 5%, బాగానే ఉంది. కానీ ఎంసీవీ 66, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో ఉన్న హీమోగ్లోబిన్) 20.5, రెండూ తక్కువే. హెచ్‌పీఎల్‌సీలో ఎస్ 76%, ఎఫ్ 18%, ఏ2 4.3%, మామూలు ఏ లేదు.

ఇక్కడ తప్పు నాది. చిన్న కణాలు, ఏ2 ఎక్కువ, ఎస్ ఎక్కువ, చూడగానే సికిల్-బీటా తలసీమియా అని రాసేశా, అంటే ఒక పక్క ఎస్, ఇంకో పక్క పని చెయ్యని బీటా జీన్ అని. సాయంత్రం ఆరయింది, ఇంకో పదిహేను రిపోర్టులున్నాయి, ప్యాటర్న్ టెక్స్ట్‌బుక్‌లా ఉంది, సంతకం పెట్టేశా. మర్నాడు ఉదయం టీ తాగుతుంటే తట్టింది, అమ్మానాన్నల గ్రాఫులు నేనే చూశాను కదా, ఇద్దరిలో ఎవరికీ బీటా తలసీమియా లేదు, ఇద్దరూ ఉత్త ఎస్ క్యారియర్లే. మరి ఈ పిల్లకి ఎక్కడ్నుంచి వస్తుంది? తమ్ముడి మీద వేరేవాళ్లు రాసిన రిపోర్టుకి అంత ఎగిరిన నేను అదే ఇంటి పిల్లకి ఇంట్లోవాళ్ల కాగితాలు పక్కన పెట్టుకుని చూడకుండా రాసేశా. రిపోర్ట్ వెనక్కి తెప్పించి, జెల్ పెట్టా. అక్కకి కూడా తమ్ముడి లాగే పొడుగు బ్యాండ్ ఒక్కటే. ఆమెకీ రెండు ఎస్‌లే.

అమ్మానాన్నల గ్రాఫుల్ని మళ్లీ చూస్తే అక్కడా ఒక చిన్న క్లూ ఉంది, నేను దాటేసింది. క్యారియర్‌లో ఎస్ సాధారణంగా 38, 40% అలా ఉండాలి. వీళ్లిద్దరికీ 34. హీమోగ్లోబిన్‌లో రెండో భాగాన్ని తయారు చేసే ఆల్ఫా జీన్లు తక్కువైతే ఇలా తగ్గుతుంది, ఒకటి తగ్గితే 35 దగ్గర, రెండు తగ్గితే 28 దగ్గర. జీన్ ముక్క ఎగిరిపోయిందో లేదో చూసే గ్యాప్ పీసీఆర్ పెట్టాం, తేలిపోయింది. అమ్మకీ నాన్నకీ నాలుగు ఆల్ఫా జీన్ల బదులు మూడేసి ఉన్నాయి. తమ్ముడికి నాలుగూ ఉన్నాయి. అక్కకి రెండే.

ఆల్ఫా గ్లోబిన్ జీన్లు 16వ క్రోమోజోమ్ మీద రెండేసి, పక్కపక్కనే, దాదాపు ఒకేలా, రెండూ తయారు చేసే ప్రోటీన్‌లో తేడా కూడా లేదు. మన శరీరంలో గుడ్డు కణమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమూ నాన్న నుంచి వచ్చినదీ పక్కపక్కన పడుకుని ముక్కలు మార్చుకుంటాయి, రీకాంబినేషన్ అంటే ఇదే, ఒక్కో వీర్యకణానికి 26 చోట్ల దాకా, గుడ్డుకి 40 పైన. సరిగ్గా ఎదురెదురుగా పడుకుంటే అదలు బదలు సమానంగా అవుతుంది. కానీ ఇక్కడ పక్కపక్కన ఒకేలాంటివి రెండున్నాయి కదా, పొద్దున్నే హడావిడిలో చొక్కా బొత్తాలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నట్టు, మొదటి జీన్ వెళ్లి ఎదుటివాడి రెండో జీన్‌కి జత కడుతుంది. అలా తప్పు జతలో తెగి అతికితే ఒక క్రోమోజోమ్‌కి ఒకే జీన్ మిగులుతుంది, మధ్యలో 3.7 కిలోబేస్ ముక్క ఎగిరిపోతుంది. ఇంకో దానికి మూడు జీన్లు. నాన్న చొక్కా కింద అంచు ఒక పక్క వేలాడటం చూశారు కదా, అదే.

ఈ బొత్తాం తప్పడాన్ని తక్కువ చేసి చూడొద్దు. అసలు ఆల్ఫా బీటా రెండు జీన్లూ నలభై యాభై కోట్ల ఏళ్ల కింద ఒకే జీన్. అది రెండై, వేరై, వేరు క్రోమోజోమ్‌లకి చేరాయి. ఒక కాపీ ఇంటి పని చూసుకుంటుంటే రెండో కాపీకి తప్పులు చేసే తీరిక దొరికింది, ఆ తప్పుల్లోంచే కడుపులో బిడ్డకి వేరే హీమోగ్లోబిన్, పుట్టాక వేరే హీమోగ్లోబిన్ అన్న ఏర్పాటు వచ్చింది. ఉత్త అక్షరం తప్పులతో ఇంత కట్టలేం, కొత్త స్థలం కావాలి, ఆ స్థలం ఇచ్చేది ఇలాంటి తప్పు అతుకులు. మా జెల్ మీద 3.7 బ్యాండ్ కనిపించిన ప్రతిసారీ ఆ పాత కథలో ఇంకో చిన్న ముక్క చూసినట్టుంటుంది నాకు.

సరే, రెండు ఆల్ఫా తగ్గితే అక్కకి మంచెలా అయింది? ఎస్ హీమోగ్లోబిన్ తాళ్లు పేనుకోవాలంటే కణంలో అది చిక్కగా ఉండాలి, చిక్కదనం కొంచెం తగ్గినా పేనుకోవడం బాగా ఆలస్యమవుతుంది. ఆల్ఫా తక్కువైతే కణం చిన్నది, లోపల హీమోగ్లోబిన్ పలచన. తమ్ముడి ఎంసీహెచ్‌సీ 34, అక్కది 31. చూడ్డానికి మూడే తేడా. ఆ మూడింటి మీదే ఒకడు ప్రతి రెండు నెలలకీ ఆస్పత్రి మంచం, ఇంకొకర్తి రోజూ కాలేజీ. ఇద్దరికీ సికిల్ మ్యుటేషన్ అక్షరంతో సహా ఒకటే.

బీటా 11 మీద, ఆల్ఫా 16 మీద. ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టదు, ప్రతి తరంలోనూ పేకముక్కల్లా కలిపి పంచుతారు. ఈ అమ్మానాన్నలకి రెండు ఎస్‌ల బిడ్డ పుట్టే అవకాశం నాలుగో వంతు, రెండు ఆల్ఫాలు తగ్గిన బిడ్డ పుట్టే అవకాశం నాలుగో వంతు, రెండూ కలిసి రావడం పదహారో వంతు. అక్క ఆ పదహారో వంతు. చిన్న గుంటకి ఒక్క ఎస్, మూడు ఆల్ఫాలు, అచ్చు అమ్మ లాగే. ఏ ముక్క మంచిదో చెడ్డదో దాన్ని ఒక్కదాన్నే చూసి చెప్పలేం, చేతిలో మిగతా ముక్కలేంటో చూడాలి, రమ్మీ ఆడేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

అయితే అన్నీ ఇలా విడిపోవు. ఇద్దరికీ ఎఫ్ హీమోగ్లోబిన్ 16, 18% ఉంది, పెద్ద పిల్లల్లో అది మామూలుగా 1% కూడా ఉండదు. బీటా జీన్‌కి కొంచెం ముందు, అదే క్రోమోజోమ్ మీద, గామా జీన్ దగ్గర ఇంకో అక్షరం మార్పు ఉంది మన వైపు ఎస్ జీన్‌కి తోడుగా, ఎక్స్‌ఎమ్‌ఎన్-వన్ సైట్ అంటాం, అది కడుపులో బిడ్డప్పటి హీమోగ్లోబిన్‌ని పూర్తిగా ఆగిపోనివ్వదు. ఎఫ్ ఆ తాళ్లలో చేరదు కాబట్టి ఎంత ఉంటే అంత మేలు. ఇవి రెండూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇరుగుపొరుగులా కలిసే ప్రయాణం చేస్తాయి. ఎస్ చుట్టూ ఉన్న ఈ ఇరుగుపొరుగుని బట్టే సెనెగల్, బెనిన్, బాంటూ, కామెరూన్, అరబ్-ఇండియన్ అని రకాలు పెట్టారు, మనది అరబ్-ఇండియన్. ఇన్ని రకాలున్నాయంటే ఎస్ తప్పు ఐదు చోట్ల విడివిడిగా జరిగిందా, లేక ఒక్కసారే జరిగి రీకాంబినేషన్ చుట్టుపక్కల ఇళ్లు మార్చేసిందా అని చాలా ఏళ్లు కొట్టుకున్నారు. బీటా జీన్ ముందర రీకాంబినేషన్ ఎక్కువ జరిగే ఒక చోటు కూడా ఉంది, కాబట్టి ఇళ్లు మారడం వింత కాదు. 2018లో మొత్తం జీనోమ్‌లు పెట్టి చేసిన విశ్లేషణ ఒక్కసారే, ఆఫ్రికాలో, సుమారు 7300 ఏళ్ల కింద అంది. నాకైతే అదే నమ్మబుద్ధవుతుంది. సికిల్‌కి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు చేసేది కూడా ఎఫ్‌ని పెంచడమే, 2023 చివర్లో బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి పొందిన, జీన్‌ని కత్తిరించి మార్చే క్రిస్పర్ చికిత్స చేసేదీ అదే, ఈ ఇరుగుపొరుగు వేల ఏళ్లుగా చేస్తున్న పనిని మనం లక్షల డాలర్లు పెట్టి చేస్తున్నాం.

తమ్ముడిని హైడ్రాక్సీయూరియా మీద పెట్టారు పిల్లల డాక్టర్, ఆర్నెల్లలో హీమోగ్లోబిన్ 8.4, ఎఫ్ 24%, ఈ ఏడాది ఒక్కసారే అడ్మిషన్. అక్కకి అప్పుడేమీ ఇవ్వలేదు, బాగుంది కదా అని. నేను కూడా సంతోషంగా ఆమె స్లైడ్‌ని క్లాసులో చూపించి, చూడండి రీకాంబినేషన్ ఎలా కాపాడిందో అని చెప్పుకున్నా.

పోయిన వానాకాలం ఆమె కుంటుతూ వచ్చింది. ఎడమ తుంటి. బస్సు దిగి ఆటో ఎక్కేటప్పుడు కాలు లేపలేకపోతున్నానంది. ఎమ్మారైలో తొడ ఎముక తల కొంత చచ్చిపోయింది, ఏవీఎన్. ఆల్ఫా తగ్గిన సికిల్ పేషెంట్లలో కణాలు పగలడం తక్కువ, స్ట్రోక్ తక్కువ, కానీ హీమోగ్లోబిన్ ఎక్కువ ఉండటం వల్లే రక్తం చిక్కగా ఉంటుంది, ఎముకల్లో సన్న దారులు మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు, పరీక్షల్లో రాశాను కూడా. ఆమె రిపోర్ట్ మీద మాత్రం తుంటి చూడమని ఒక్క లైను రాయలేదు. తమ్ముడి పక్కన నిలబెట్టి చూసి బాగుందనుకున్నాం అందరం, ఆమె కూడా అలాగే అనుకుంది, నాలుగు నెలలు నొప్పి ఎవరికీ చెప్పలేదు, తమ్ముడి నొప్పి ముందు ఇదెంత అని.

ఇంకో మెలిక, ఈ ఫ్యామిలీ దాటి ఊరి స్థాయిలో. ఒక్క ఎస్ ఉంటే మలేరియా నుంచి రక్షణ. ఆల్ఫా తగ్గినా కొంత రక్షణ ఉంది, నేపాల్ తెరాయిలో థారూల్లో, మన కోయదొరల్లో అది అంత ఎక్కువ కనిపించడానికి కారణం అదే అంటారు. మరి రెండూ ఒకే మనిషిలో ఉంటే డబుల్ రక్షణ రావాలి కదా? కెన్యాలో కిలిఫీ దగ్గర పిల్లల్ని చూసి 2005లో రాసిన పేపర్ ప్రకారం రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి, ఎస్ క్యారియర్‌కి ఆల్ఫా రెండు తగ్గితే మలేరియా నుంచి రక్షణ దాదాపు పోతుంది. రెండు మంచి వంటలు ఒకే విస్తట్లో కలిపేస్తే రుచి పోయినట్టు. కలిపేవాడికి, అంటే రీకాంబినేషన్‌కి, రుచితో పని లేదు, అది కలుపుతూనే ఉంటుంది, దోమా ఆస్పత్రీ తర్వాత ఏరుతాయి.

అక్కకి ఇప్పుడు హైడ్రాక్సీయూరియా మొదలైంది, తుంటికి ఆర్థో దగ్గర కోర్ డీకంప్రెషన్ (ఎముకలో రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్) అయింది, కర్ర సాయంతో నడుస్తోంది, ఇంటర్ పరీక్షలు రాసింది.

మొన్న తల్లి ఇంకో కుర్రాడిని వెంటబెట్టుకుని వచ్చింది, తన సొంత తమ్ముడి కొడుకు, అంటే అక్కకి మేనబావ. పిల్లకి పద్దెనిమిది నిండి చదువు ఒక దారికొచ్చాక ఇద్దామనుకుంటున్నారట. మేనరికం చేస్తే జబ్బు పుడుతుందని ఎవరో చెప్పారు, నిజమా అంది. పుట్టదమ్మా, మేనరికం కొత్తగా ఏ తప్పూ పుట్టించదు, ఉన్న తప్పు రెండు పక్కల నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం పెంచుతుంది, మీ ఆయనా మీరూ చుట్టాలు కూడా కాదు కదా, అయినా మీ ఇద్దరి దగ్గరా ఉంది, ఈ జీన్ ఎక్కువున్న చోట బయటి సంబంధమైనా టెస్టు చెయ్యాల్సిందే అని చెప్పా. 2023 జులైలో దేశవ్యాప్తంగా మొదలైన సికిల్ సెల్ మిషన్‌లో ఇచ్చే కార్డులు కూడా అందుకే, 2047 కల్లా జబ్బు లేకుండా చెయ్యాలని టార్గెట్ పెట్టుకున్నారు, 40 ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి టెస్టు అన్నారు. కార్డు చూసుకుని సంబంధం కలుపుకోమనడం కాగితం మీద తేలికే, ఆ తల్లి ముందు కూర్చుని చెప్పడం వేరు.

బావ రక్తం తీశాం. క్యారియర్. ఎస్ 28%, ఎంసీవీ 70. 

పిల్ల అన్నీ వింటూనే ఉంది ఇంతసేపూ. బిడ్డకి రెండు ఎస్‌లు రావడం ప్రతి కాన్పుకీ సగం సగం అని బొమ్మ గీసి చూపిస్తే తలూపింది. పుట్టకముందే కడుపులోనే టెస్టు చేసి తెలుసుకోవచ్చని కూడా చెప్పా. అప్పుడు అడిగింది, "వస్తే నాలాగ వస్తాదా మేడమ్, తమ్ముడి లాగ వస్తాదా?"

పెన్ను పక్కన పెట్టి ఆలోచించాల్సి వచ్చింది నాకు. 28% అంటే బావకి కూడా ఈమె లాగే రెండు పక్కలా ఒక్కోటి చొప్పున ఆల్ఫా రెండు తగ్గినట్టే కనిపిస్తోంది. అదే నిజమైతే వీళ్లకి పుట్టే ప్రతి బిడ్డకీ రెండే ఆల్ఫాలు, ఇంకో దారి లేదు. క్యారియర్‌గా పుట్టినవాళ్లకి ఊళ్లో మలేరియా నుంచి ఆ పాత రక్షణ కూడా పెద్దగా ఉండదు. రెండు ఎస్‌లతో పుట్టినవాళ్లు తమ్ముడి కంటే ఎక్కువగా ఈమె లాగే ఉంటారు.

"వస్తే, నీలాగే ఉండొచ్చు" అన్నా. ఆమె ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకుని కాసేపు బావ వైపు చూసింది, వాడు నేల వైపు చూస్తున్నాడు.

వాడి గ్యాప్ పీసీఆర్ సోమవారం పెడుతున్నాం.